నీలమ్మ చెప్పిన రైలు

పదకొండో భాగం

పోయినవారం మనం ఎలీసబెతును జహీరాబాద్ స్టేషన్‌లో, టికెట్ల కిటికీ దగ్గర ఒంటరిగా నిలబెట్టి వచ్చాం. నారాయణఖేడ్ ఆడపిల్లల హైస్కూల్లో ఆమె కుట్లు, అల్లికలు నేర్పే టీచరు. అదే స్కూల్లో సోషల్ చెప్పే నీలమ్మ, ముప్పై ఎనిమిది మంది పిల్లలను వెంటబెట్టుకుని తొమ్మిదింటిలోపు ఆ స్టేషన్‌కు రావాలి. అందరూ కలిసి పాసింజరు ఎక్కి, బీదర్ దాటి, హుల్గిరి హాల్టులో దిగి, పాడుబడిన కోట చూసి సాయంత్రానికి తిరిగిరావాలి. పదకొండింటికి గుల్బర్గా నుంచి పురావస్తు శాఖ ఆఫీసరు అక్కడికి వస్తాడు. ఎలీసబెతు తండ్రి కనిపెట్టిన శాసనాన్ని చూస్తాడు.

తొమ్మిదయింది. బండి వచ్చింది. ఖేడ్ నుంచి ఒక్కరూ రాలేదు. వెనక నిలబడ్డవాళ్లను ఒక్కొక్కరినే ముందుకు పంపుతూ వచ్చిన ఎలీసబెతు, గార్డు పచ్చజెండా తీసేసరికి ఒకే ఒక్క టికెట్టు కొనుక్కుని, కదిలే బండి ఎక్కింది.

కూర్చోవడానికి చోటు దొరికింది గాని మనసు ఒకచోట నిలవలేదు. ఇంజను పొగలోంచి బొగ్గునుసి వచ్చి కళ్లలో పడుతోంది. కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ ఆమె నీలమ్మ తరఫున తనకు తానే జవాబులు చెప్పుకుంది. బస్సు టైరు పంక్చరయిందేమో. ఏ పిల్లకో వాంతులయ్యాయేమో. హెడ్‌మిస్ట్రెస్ ఆఖరి నిమిషంలో ఏదో అడ్డుపెట్టిందేమో. పాపం, అక్క ఎంత పరేషానవుతుందో అనుకుంది.

నిజానికి ఈ రైలు ఆలోచన ఎలీసబెతుది కాదు. మొన్న మంగళవారం స్టాఫ్‌రూంలో ఆ మాట వచ్చినప్పుడు ఆమె బస్సే అంది. డిపోలో ఒక బస్సు మాట్లాడుకుంటే ఖేడ్‌లో ఎక్కి కోట ముందరే దిగొచ్చు. రైలంటే మొదట జహీరాబాద్ దాకా బస్సు, అక్కడ రైలు, హాల్టులో దిగి మళ్లీ నడక. నీలమ్మ ఒప్పుకోలేదు.

"గా బీదర్ రోడ్డు నీకెరికే గద చెల్లె. అన్నీ గుంతలే. సగం దూరం పోకముందే పిల్లలు కక్కుడు షురువు జేస్తరు. మన పిల్లల్ల రైలు ఎక్కినోళ్లు ఎంతమంది? కంగ్టి పిల్లలైతే రైలు సూడనే సూడలె. కోట కన్న గా రైలే యాదికుంటది వాళ్లకు."

ఆ చివరిమాటకు ఎలీసబెతు కరిగిపోయింది. "నువ్వు తొలి బస్సుకు ముందుగాల పోయి టికెట్ల కాడ నిలబడు. పిల్లల్ని నేను తోల్కొస్త," అని నీలమ్మ అంటే, సరే అక్కా అంది.

నీలమ్మ మాటను ఆమె ఎప్పుడు కాదంది గనక? తొమ్మిదేళ్ల కిందట ఎలీసబెతు ఆ స్కూల్లో చేరిన మొదటిరోజు, మధ్యాహ్నం టీచర్లంతా టిఫిన్లు విప్పి గుండ్రంగా కూర్చున్నారు. ఎవరూ జరగలేదు. ఆమె గిన్నె పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడిపోయింది. అప్పుడు నీలమ్మ, వందెకరాల ఆసాముల ఇంటి కోడలు, లేచి వచ్చి ఆమె గిన్నెలోంచి ఒక రొట్టెముక్క తుంచుకుని నోట్లో వేసుకుంది. "తొక్కు మంచిగున్నది. ఎవరు వెట్టిండ్రు?" అంది. ఆ రోజు నుంచి ఎలీసబెతుకు ఆమె అక్క.

శాసనం సంగతి చెప్పింది కూడా ఆమె ఒక్కరికే. తండ్రి లాజరు ఒకప్పుడు హుల్గిరి కోటలో రాళ్లెత్తే కూలి. గుర్రాలసాల కింద నేలమాళిగలో మట్టి తీస్తుంటే, గోడకు ఆనించిన నల్లరాతి మీద అక్షరాలు కనబడ్డాయి. పని చేయించే మేస్త్రీకి చెబితే, "నీ పని నువ్వు జూస్కో," అన్నాడు. తర్వాత పనులు ఆగిపోయాయి, అందరూ ఆ రాతిని మరిచిపోయారు. లాజరు మరవలేదు. కూతురు పెద్దదయ్యాక తీసుకెళ్లి చూపించాడు. తడి కాగితాన్ని రాతికి అంటించి, బ్రష్షుతో కొట్టి, పైన మసి అద్దితే అక్షరాలు తెల్లగా తేలుతాయి. పురావస్తు శాఖ మనుషులు చేస్తుంటే చూసి నేర్చుకున్న ఆ విద్యను కూతురికి నేర్పాడు. ఆమె అచ్చు తీసిన పదకొండు వరుసలనూ నీలమ్మ పాత కన్నడ నిఘంటువు ముందు పెట్టుకుని, రెండేళ్లు కష్టపడి చదివింది. గుల్బర్గా ఆఫీసుకు ఉత్తరం రాసింది. "మీ నాయిన పేరు, నీ పేరు, నా పేరు. ముగ్గురియి పుస్తకంల అచ్చయితయి సూడు," అంది.

ఇవాళ ఎలీసబెతు సంచిలో ఇంకో కాగితముంది. మొన్న ఎండాకాలంలో తండ్రీ కూతుళ్లు రాతి అడుగున మట్టి తవ్వితే ఇంకో రెండు వరుసలు బయటపడ్డాయి. వాటికీ అచ్చు తీసి, మళ్లీ మట్టి కప్పేశారు. ఆ సంగతి ఆమె నీలమ్మకు చెప్పలేదు. కోట దగ్గర, అందరి ముందూ, చీర పెట్టినట్టు ఆ కాగితాన్ని అక్క చేతుల్లో పెట్టాలని దాచుకుంది.

బండి గంట ఆలస్యంగా హుల్గిరి హాల్టులో ఆగేసరికి పన్నెండు కావస్తోంది. దిగింది ఆమె ఒక్కతే. కుసుమ చేల మధ్య బాట పట్టుకుని నడుస్తుంటే ముళ్లు చీర అంచుకు పట్టుకుంటున్నాయి. మైలు దూరంలో కూలిన బురుజులు కనబడుతున్నాయి. ఆఫీసరు వచ్చి, ఎవరూ లేరని వెళ్లిపోయి ఉంటాడన్న భయంతో ఆమె ఇంచుమించు పరుగెత్తింది.

కోట దర్వాజా ముందు ఎర్రబస్సు ఆగి ఉంది.

ముందు అద్దం మీద, పిల్లలు చాక్‌పీసుతో రాసిన స్కూలు పేరు ఉంది. కిటికీ చువ్వలకు కట్టిన రిబ్బన్లు ఉన్నాయి. బస్సు నీడలో స్కూలు ఆయా హన్మమ్మ కాళ్లు చాపుకుని, పులిహోర డేగిసా పక్కన కూర్చుని ఉంది. ఎలీసబెతును చూసి లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయింది.

"అయ్యో టీచరమ్మా! నువ్వెట్లొచ్చినవ్? నీకు జరమొచ్చింది, రానన్నవంట గద?"

"ఎవరన్నరు?"

"నీలమ్మ టీచరే జెప్పింది. పిల్లలు నీకోసం పరేషానైండ్రు. సూడబోదాం బస్సు ఆపుమన్నరు కూడ. వద్దు, పండుకున్నది, లేపొద్దన్నది."

"బస్సు ఎప్పుడు మాట్లాడిండ్రు హన్మమ్మా?"

"అయ్యో, గది పోయిన సోమారమే అయిపాయె గద."

పోయిన సోమవారం. రైలే మంచిదని స్టాఫ్‌రూంలో ఆమెను ఒప్పించింది మంగళవారం. ఎలీసబెతు బస్సు రేకుకు చెయ్యి ఆనించింది. ఎండకు రేకు కాలుతోంది, అయినా చెయ్యి తీయలేదు. పొద్దుటి నుంచి నీలమ్మ కోసం తను వెతికి పెట్టుకున్న టైరు పంక్చర్లు, పిల్లల వాంతులు అన్నీ గుర్తొచ్చి, తన మీద తనకే సిగ్గేసింది.

లోపల పిల్లలు కోటగోడల మీదికి ఎక్కి అరుస్తున్నారు. ఒకరిద్దరు ఆమెను చూసి "టీచర్ వచ్చింది, టీచర్ వచ్చింది" అంటూ పరుగెత్తుకు వచ్చారు. వాళ్ల తలలు నిమిరి, నీలమ్మ టీచర్ ఎక్కడుందని మాత్రం అడిగింది. గుర్రాలసాల వైపు చేతులు చూపించారు.

నేలమాళిగ మెట్లు సగం దిగేసరికి నీలమ్మ గొంతు వినిపించింది. ఆమె స్కూల్లో పాఠం చెప్పే గొంతు.

"మా మామగారి తండ్రి ఈ రాతిని మొదట చూసినారు సార్. ఆయన చెప్పిన గుర్తుల ప్రకారం నేను వచ్చి అచ్చులు తీసి చదివినాను."

రాతి ముందు నెరిసిన మీసాల ఆఫీసరు, మెడలో కెమెరా. ఆయన పక్కన పట్టుచీరలో నీలమ్మ. చేతిలో విప్పిన కాగితం, ఎలీసబెతు మోకాళ్ల మీద కూర్చుని తీసిన అచ్చు. ఆ కాగితం మీద వెలుతురు పడేలా, గోడకు ఆనుకుని ఒక ముసలాయన కందీలు ఎత్తిపట్టుకుని నిలబడ్డాడు.

లాజరు.

ఇవాళ ఆదివారం, ప్రార్థనకు సిర్గాపూర్ పోతున్నానని ఆమెకు చెప్పిన తండ్రి.

ఆయనే మొదట ఆమెను చూశాడు. కందీలు ఊగింది, గోడ మీద నీడలన్నీ ఊగాయి. నీలమ్మ తల తిప్పింది. ఒక్క క్షణం ఆమె మొహం ఖాళీ అయిపోయింది. వెంటనే నవ్వు తెచ్చుకుని, "మీరు ఫోటోలు తీసుకోండి సార్, ఇప్పుడే వస్తాను," అని ఎలీసబెతు మోచెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించింది.

పైన కూలిన గోడ చాటున ఎలీసబెతు చెయ్యి విడిపించుకుంది.

"నాకు జరమొచ్చిందని పిల్లలకెందుకు జెప్పినవ్ అక్కా?"

"అట్ల జూడకు ఎలీసా. నేనేం జేసినా నీ మంచికే జేసిన."

"రైలు కాడికి ఎందుకు తోలినవ్?"

"నువ్వుంటే నోరు మూసుకోవు గనక." దాచే ప్రయత్నమేమీ చేయకుండా అంది నీలమ్మ. "మీ నాయిన పేరు చెప్పితే గా ఆఫీసరు మొదలు అడిగేదేంది? కూలి మనిషివి, గవర్నమెంటు జాగల నీకేం పని అంటడు. కేసైతది. నువ్వు సర్కారు టీచర్‌వి. నీ నౌకరి ఏం గావాలె? గందుకే మా ఇంటి పెద్దల పేరు జెప్పిన. వాళ్లనైతే ఎవ్వరు అడగరు."

"గట్లయితే నాకు ముందే జెప్పొచ్చు గద. నేనేమన్న సంపుకతింటనా? ఇద్దరం కూసొని మాట్లాడుకుందుము."

"చెప్పితే ఒప్పుకుందువా?"

"ఒప్పుకోకపోదును. గదే నీ భయం."

నీలమ్మ గొంతు పెరిగింది. "నేను సదవకపోతే గవి అక్షరాలా? గీతలు! మీ నాయినకేం దెల్సు, నీకేం దెల్సు? రెండేండ్లు కండ్లు పోయేటట్టు సదివిన నేను."

"సదివినవ్. నేను కాదన్ననా? నీ పేరు తీసెయ్యమన్ననా? ముగ్గురి పేర్లు అన్నది నువ్వే. నా ఇంట్ల, నా మంచం మీద కూసొని అన్నవ్."

"అన్న. నాకు మాత్రం రాయాలని లేకుండెనా?" నీలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగనీళ్లు కావు. "మా ఇంట్ల మా మామ ఏమన్నడో ఎరికేనా నీకు? లాజరు పేరు పక్కపొంటి మా ఇంటి పేరు ఎక్కుతదా, గా పుస్తకం మా ఇంట్ల ఎట్ల వెట్టుకోవాలె అన్నడు. నేనేం జెయ్యాలె జెప్పు."

అనేశాక తెలిసింది నీలమ్మకు, ఏమందో. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎలీసబెతుకు ఏడుపు రాలేదు. తొమ్మిదేళ్లుగా ప్రతి మధ్యాహ్నం తన గిన్నెలోంచి తుంచుకున్న చెయ్యి అది. ఆ చేతినే చూస్తూ నిలబడింది. ఆ తొమ్మిదేళ్లలో నీలమ్మ ఎన్నడూ తనను వాళ్లింటికి భోజనానికి పిలవలేదన్న సంగతి ఇంత ఆలస్యంగా ఎందుకు తట్టిందో ఆమెకు అర్థం కాలేదు.

"మా నాయిన ఎట్లొచ్చిండు?" అని చివరికి అడిగింది.

నీలమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి మడిచిన కాగితం తీసి చూపించింది. ఈ రాతిని మొదట చూసింది నీలమ్మ గారింటి పెద్దలే, తాను వాళ్లు చెబితే మట్టి తీసిన కూలి మాత్రమే అని అందులో రాసి ఉంది. కింద నల్లటి వేలిముద్ర.

మెట్ల మీద అడుగుల చప్పుడయింది. లాజరు పైకి వచ్చాడు. వెలుతురులోకి వచ్చినా ఆర్పని కందీలును చేతిలో అట్లాగే పట్టుకున్నాడు. కూతురి మొహంలోకి చూడలేక బూడిదరంగు బురుజులను చూశాడు.

"ఇది నువ్వు వేసిన నిశానేనా నాయినా?"

"ఔ బిడ్డా."

"ఎప్పుడు?"

"పది దినాలాయె. నీలమ్మ పెనిమిటి శంకరప్ప పటేలు ఇంటికి పిలిచిండు. నువ్వు సర్కారు జాగల రాతి మీద అచ్చులు తీసిన ముచ్చట బయటవడ్డదో, నీ బిడ్డ నౌకరి ఊడుతది అన్నడు. జేలైతదన్నడు. నేనొక్కన్నైతే పోదును బిడ్డా జేలుకు. నీ నౌకరి అనేసరికి నా చెయ్యి ఆగలె."

"నాకెందుకు జెప్పలె?"

"చెప్పితే నువ్వు ఆగుతవా?"

నీలమ్మ అన్నమాటే. ఇద్దరూ ఒకే మాట. ఆమెను బాగా ఎరిగిన ఇద్దరూ ఆ ఎరుకనే ఆమె మీద వాడారు. అసలు ఈ పొద్దున చీకటితో లేచి చాయ్ పెట్టిచ్చి, బస్టాండ్ దాకా సంచి మోసుకొచ్చి, "జల్దీ పో బిడ్డా, రైలు తప్పుతది," అని ఎక్కించింది ఈయనే. ఆ బస్సు మలుపు తిరిగాక ఈయన స్కూలు దగ్గరికి నడిచి, ఇంకో బస్సు ఎక్కాడు.

నీలమ్మ మోసాన్ని ఆమె కోపంతో నిలబడి మోయగలిగింది. తండ్రి చేసింది మోయలేకపోయింది. పక్కనున్న రాతి మీద కూర్చుండిపోయింది.

అప్పుడే ఆఫీసరు మెట్లెక్కి పైకి వచ్చాడు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. చెమట తుడుచుకుంటూ, తెలుగులో కన్నడం కలుపుతూ సంతోషంగా మాట్లాడాడు.

"బహళ చెన్నాగిదె అమ్మా. చాలా మంచి శాసనం. అయితే పదకొండో వరుస మధ్యలో ఆగినట్టుంది. ఇంతేనా? ఇంకేమన్నా ఉందా?"

"ఇంతే సార్. రాయి అక్కడికే అయిపోయింది," అంది నీలమ్మ.

ఎలీసబెతు తల ఎత్తింది. సంచి మీద చెయ్యి వేసింది. లాజరు అది చూశాడు. వద్దన్నట్టు తల మెల్లగా అడ్డంగా ఊపాడు. ఇంకో రోజైతే ఆమె ఆగేదే. ఇవాళ మాత్రం, తను ఆగదని అందరూ అంత నమ్మకంగా అనుకున్నాక, ఆగాలనిపించలేదు.

"కాదు సార్. కింద ఇంక రెండు వరుసలున్నయి."

కాగితం విప్పి ఆయన చేతికిచ్చింది. నీలమ్మకు కానుకగా ఇద్దామని దాచుకున్న కాగితం. నీలమ్మ దానివైపు ఎట్లా చూసిందో మాటల్లో చెప్పడం కష్టం. తనకు తెలియకుండా ఎలీసబెతు దగ్గర ఒక్క అక్షరం ఉంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఆఫీసరు కళ్లద్దాలు పైకి జరిపి, కాగితాన్ని ఎండకు పట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు. ఆయన గొంతు సన్నబడింది. "ఇవి రాజుల పేర్లు కాదమ్మా. కల్లుకుటిగ... రాయి కొట్టినవాళ్లు. మట్టి మోసినవాళ్లు. ఈ గోడ కట్టిన పనివాళ్ల పేర్లు రాశారు. ఇలాంటివి మాకు దొరకడం అరుదు."

లాజరు కందీలు కింద పెట్టాడు. రాయి కొట్టినవాళ్ల పేర్లు అన్నమాట విని ఆయన మొహంలో ఏదో వెలిగింది. ఇన్నేళ్లు ఆ రాతికి కాపలా కాసిన మనిషి, దాని అడుగున ఏముందో మొదటిసారి వింటున్నాడు.

ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. ఆఫీసరు కాగితం మడిచి, నేలమాళిగ వైపు ఒకసారి, ఎలీసబెతు వైపు ఒకసారి చూశాడు. ఇప్పుడు ఆయన గొంతులో సంతోషం లేదు.

"ఈ వరుసలు నేల కింద ఉన్నాయన్నమాట. రాతి అడుగున మట్టి కొత్తగా తిరగేసి ఉంది, నేను ఇందాకనే చూశాను. ఇది శాఖ కాపాడుతున్న స్థలం. పర్మిషన్ లేకుండా తవ్వడం నేరం. తెలుసు కదా? ఎవరు తవ్వారు?"

గోడ మీద పిల్లల కేకలు వినబడుతున్నాయి.

ఎలీసబెతు నోరు తెరవబోయింది. అంతకన్నా ముందు నీలమ్మ చెయ్యి లేచింది. గాజులు గలగలలాడిన ఆ చెయ్యి తిన్నగా లాజరు వైపు చూపించింది.

"ఈయనే సార్. నాకేం సంబంధం లేదు. కావాలంటే రాసిచ్చిన కాగితం కూడా ఉంది, చూడండి. మట్టి తీసింది తనే అని వేలిముద్ర వేశాడు."

కాపాడతామని వేయించుకున్న వేలిముద్ర. ఇంకా పది రోజులే అయింది. లాజరు భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకుని, పెద్దమనుషుల ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు.

ఆఫీసరు జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. కలం మూత విప్పాడు.

"పేరు?"

లాజరు గొంతు సవరించుకున్నాడు. ఎలీసబెతు రాతి మీంచి లేచింది. రెండడుగులు వేసి, తండ్రికీ ఆఫీసరుకూ నడుమ నిలబడింది. ఆమె చూపు మాత్రం నీలమ్మ మీదే ఉంది.

"తవ్వినోళ్లం ఇద్దరం. రెండు పేర్లు రాయాలె సార్," అంది. "రాసుకోండి, చెప్తున్న."

నీలమ్మ చేతిలోని కాగితాన్ని వెనక్కి తీసుకుంది.